ఇరవై తొమ్మిది, ముప్ఫై

తణుకు కాలేజీలో, మూడో పీరియడు.
బోర్డు మీద రెండు వరుసలు రాశాను.
రాగి ఇరవై తొమ్మిది, జింకు ముప్ఫై.
ఆర్గాన్ దాకా ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు,
తేడా అంతా ఆ తర్వాతే.

లెక్కప్రకారం రాగికి
మూడు-డిలో తొమ్మిది, నాలుగు-ఎస్‌లో రెండు ఉండాలి.
ఉండవు.
బయటి జంటలో ఒకటి లోపలికి జరిగి పది నింపుతుంది.
రెండోది నాలుగో గడపలో
ఒంటరిగా నిలబడుతుంది.
జింకుకి ఆ పేచీ లేదు. పదీ నిండింది, రెండూ ఉన్నాయి.

"నిండితే నిలకడ," అన్నాను. పుస్తకంలో మాటే.
వెనక బెంచీ నుంచి మాణిక్యాంబ,
అజ్జరం కంచరోళ్ళ పిల్ల, గోళ్ళలో మసి:
"నిండటానికి ఒకర్ని బయట నిలబెట్టాలాండీ?"
ఇంతలో బెల్లు కొట్టారు.

ఆదివారం వాళ్ళ కొలిమి దగ్గరికి వెళ్ళాను.
మూసలో రాగి కరిగి, కదలకుండా ఎర్రగా కూర్చుంది.
వాళ్ళ నాన్న బ్రహ్మలింగం
తుత్తునాగం ముక్క పట్టకారుతో ముంచాడు.
పచ్చటి మంట లేచింది,
దాని వెనకే తెల్లపొగ
దూదిపింజల్లా వాసాలకి అంటుకుంటూ.
"ఇది కుదురుగా ఉండదండి, ఆయ్.
తూకంలో కొంత గాలికే పోద్ది.
రాగి అలా కాదు, పట్టుకుంటాది."

నా చొక్కా జేబులో సుద్దముక్క ఉంది.
నిండినదే ముందు పారిపోతోంది.
అన్నీ జతపడినవాడికి
పక్కవాడితో పనేముంటుంది?
గడపలో నిలబడ్డ ఆ ఒక్కటే
చుట్టూ ఉన్నవాళ్ళ చేతుల్లో చెయ్యేసి
ముద్దని ముద్దగా ఉంచుతోంది.
పాతికేళ్ళుగా చెబుతున్నాను,
పొగ వాసన ఇవాళే తెలిసింది.

తిరిగొస్తుంటే కాలవ పక్క సార్వా చేలో
ఆకుల మీద తుప్పుమచ్చలు.
ఎవరో జింకు సల్ఫేటు కొడుతున్నారు.
ఉన్న రెండూ వదిలేసుకుని
ఉప్పయి, నీళ్ళలో కలిసి,
వరి వేళ్ళని అడుక్కుంటూ వెళుతోంది
ఆ నిండుకుండ.

ఒళ్ళో బ్రహ్మలింగం ఇచ్చిన చెంబు, ఇంకా వెచ్చగా.
అందులో ఏ ఎలక్ట్రాన్ ఎవరిదో
చెప్పమంటే నేను చెప్పలేను.

సోమవారం బోర్డు మీద
పాత వరుసలు అలాగే ఉన్నాయి.
'నిలకడ' అన్న మాట ఒక్కటీ తుడిచి
వెనక బెంచీ వైపు చూశాను.
మాణిక్యాంబ రాలేదు.
నాన్నకి రాత్రంతా చలిజ్వరమట,
పొగ పట్టిందట.