తరమణిలో అట్లాంటిక్

రాత్రి రెండున్నర. ఆరో అంతస్తు.
అద్దానికి అవతల స్వాతి కార్తె వాన,
సెల్వం దాన్నే ఐప్పసి వాన అంటాడు.

నా తెర మీద అజోర్స్ దీవులకు పైన
ఒక అల్పపీడనం
పెనం మీది అట్టులా అంచుల్లోంచి లేస్తోంది.
దాని దారిలో ఓడ. రెండు వేల మంది,
సగానికి పైగా డెబ్బై దాటినవాళ్లు.
రేపు మధ్యాహ్నానికి ఆరు మీటర్ల అల
ఎడమ డొక్కలో పొడుస్తుంది.
"దక్షిణానికి దిగండి, ఒక పూట ఆలస్యమైనా సరే"
అని రాసి, చల్లారిన టీ తాగాను.

నేనెప్పుడూ ఓడెక్కలేదు.
మెరీనాలో మోకాళ్ల దాకా దిగానంతే,
అదీ చెప్పులు చేత్తో పట్టుకుని.

నాలుగింటికి కెప్టెన్ జవాబు:
దిగుతున్నాం. పియానోని గోడకి కట్టేశాం.
ఈ రాత్రి డాన్సు లేదు.

ఆ పియానోనే తలుచుకుంటూ కిందికొచ్చాను.
వేళచ్చేరి రోడ్డు లేదు.
ఆటో ఇన్బరాజు బ్యాటరీని గోనెపట్టాలో చుట్టి
బిడ్డలా ఒళ్లో పెట్టుకున్నాడు.
"గాలి ఈశాన్యం," అన్నాను అలవాటుగా.
"అది సరే అక్కా, నీళ్లెంత?"

దిగి చూశాను.
మోకాళ్లు దాటింది.