పడమటి గోడ

తాళంచెవి ఇచ్చిన రోజున
మాకు ఇల్లు ఇవ్వలేదు.
త్బిలిసీలో దీన్ని నల్ల చట్రం అంటారు:
కాంక్రీటు గోడలు, ఒక ఇనుప తలుపు,
పదకొండో అంతస్తులో ఈలవేసే కిటికీ కన్నాలు.
నేలా, నీళ్లూ, వెలుతురూ
ఎవరి మూటను బట్టి వాళ్లకి.

మా మూట పద్దెనిమిది వేల నాలుగు వందలు.
గోచా లెక్కల పుస్తకం కొన్నాడు.
మూడో రోజుకే అది సిమెంటు దుమ్ములో సమాధి అయింది.
నేను వడ్రంగి పెన్సిలు అడిగి తీసుకుని
పడమటి గోడ మీద రాయడం మొదలుపెట్టాను.

పైపులు. తీగలు. నేల చదును. ప్లాస్టరు.
పక్కన కూలి. ఆ పక్కన కూలివాళ్ల తిండి.
మధ్యాహ్నం వేడి చిక్కుడు లోబియో పెట్టని ఇంట్లో
పలకలు వంకరగా అతుక్కుంటాయని
త్సియాలా అత్త ముందే చెప్పింది.
అన్నిటికీ పైన, గుండ్రం చుట్టి, పదో వంతు:
ముట్టకూడదు.
దేనికది, అన్నాడు గోచా.
దేనికో తెలిస్తే వేరే గడి గీసేదాన్ని కదా, అన్నాను.

ఎలియావా బజారులో మొదట చెప్పే ధర
ధర కాదు, పలకరింపు.
విప్పిన పెట్టెలో పలకలు సగానికే ఇస్తారు,
నాలుగు తక్కువ పడతాయి;
ఆ నాలుగింటి ఖాళీ మీద బీరువా నిలబెట్టాను.
కుళాయి దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు,
రాత్రంతా అది చుక్కచుక్కగా నిన్ను లెక్కపెడుతుంది.
గోడ లోపల దాగేదానికి డబ్బు పెట్టు,
గోడ బయట వేలాడేదానికి ఓపిక పట్టు.
ఇది నా మాట కాదు.
ఓతియా అనే ముసలి ప్లంబరు
పైపు కోస్తూ తనలో తాను గొణుక్కున్నది.

గోచా దీపాల దుకాణం ముందు ఆగిపోయేవాడు.
ఇరవై నాలుగు గాజు ఆకుల షాండిలియర్,
ఆరు వందల నలభై.
రోజంతా బస్సు నడిపి, ఎదుటి బండి వెనకనే చూసే మనిషి,
ఇంటికొచ్చి తలెత్తితే ఏదైనా మెరవాలనుకున్నాడు.
చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి తీసుకొచ్చి
కూడిక చూపించాను.
చాలాసేపు చదివాడు.
బల్బు చాల్లే, అన్నాడు.

తర్వాత లిఫ్టు ఆగింది.
నలభై రెండు బస్తాలు, ఇద్దరు కుర్రాళ్ల వీపులు.
ముట్టకూడని వంతు
మెట్టు మెట్టూ ఎక్కి అయిపోయింది.

ప్లాస్టరు పడమటి గోడ దాకా వచ్చేసరికి
గోడ లెక్కన మిగిలింది నలభై.
దీన్ని వదిలెయ్, అన్నాను మేస్త్రీతో.
వార్నిషు డబ్బా ముప్పై ఎనిమిది.
అది కూడా చివర రాసి
దాని మీదే పూశాను.

వచ్చినవాళ్లు ఇదేదో కొత్త ఫ్యాషన్ అనుకుంటారు.
కింది ఫ్లాటు మఖ్వాలా తన గోడకీ
ఇలాంటి అంకెలు వేయించాలని
డిజైనర్ని ధర అడిగిందట.

మొన్న ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ ముగించి
టీ తాగుతూ ఊరికే గోడ చదివాను.
వందల వరసలో ఏడూ ఎనిమిదీ పదిహేను.
ఐదు వేసి, ఒకటి చేతిలో.
నేను రెండు కలిపాను.

వెయ్యి.

ఆ చలికాలం గోచా జీతం ఆగినప్పుడు
బిస్కెట్ల డబ్బా ఎందుకు ఖాళీ కాలేదో,
ఏ సాధువు దయ అని కొవ్వొత్తి వెలిగించామో
అప్పుడు తెలిసింది.
వార్నిషు కింది తప్పు దిద్దడానికి వీల్లేదు.
గోచా నిద్రపోతున్నాడు.
అతని నెత్తి మీద తీగకి బల్బు,
దాని మీద మూడేళ్ల దుమ్ము.

ఇంకా చెప్పలేదు.
నిన్న మాత్రం రెండు స్టాపుల ముందే దిగి
ఆ దుకాణం అద్దంలోంచి చూశాను.
ఇప్పుడు ఎనిమిది వందల తొంభై అని రాసుంది.
పలకరింపే కదా అనుకుని
తలుపు తోశాను.