పక్కకి తిప్పి పడుకోబెట్టాలి

తలుపు సందులోంచి ఒక కవరు లోపలికి జారింది.
మందపాటి కాగితం, అంచున బంగారు గీత.
ఆర్లో టిల్డెన్ అన్న నా పేరు
అందులో ఆర్లో టిల్సన్ అయింది.
కింద రెండు గడులు: అవును, కాదు.
గడువు ఆదివారం అర్ధరాత్రి.

రూమ్మేట్ క్వెంటిన్ పై మంచం మీంచి తల వేలాడేసి
"అందరూ ఆ తానులో ముక్కలే" అన్నాడు.
"ఎర్ర ప్లాస్టిక్ గ్లాసులు, సాక్సు లేని తోలు బూట్లు,
నాన్నలు కొనిచ్చిన పడవలు,
పరీక్షకి ముందురోజు ఎక్కడినుంచో ఊడిపడే పాత పేపర్లు."
ఆ ఇంటి గడప వాడెప్పుడూ తొక్కలేదు.
ఎలా తెలుసని నేనడగలేదు.
నాకూ అంతే తెలుసు, సినిమాల్లోంచి.

శుక్రవారం వెళ్ళాను.
నాలుగు తెల్ల స్తంభాలు,
ఒకదానికి ఎవరిదో కారు గుద్దిన సొట్ట,
పైన మూడు గ్రీకు అక్షరాలు,
పచ్చికలో వానకి నాని ఉబ్బిన సోఫా.
గ్లాసులు నిజంగానే ఎర్రగా ఉన్నాయి.
సాక్సులు నిజంగానే లేవు.
కిరాణా చీటీలో సరుకులు సరిచూసుకున్నట్టు
ఒక్కొక్కదానికీ టిక్కు పెట్టుకుంటూ నడిచాను.

ప్రెస్కాట్ అనేవాడు భుజం మీద చెయ్యేశాడు.
"ఏ రాష్ట్రం?"
"నెబ్రాస్కా."
"అబ్బో, మొక్కజొన్న!"
నేను మేడ ఎక్కేలోపే
ఆ పేరు నాకన్నా ముందు ఎక్కేసింది.
మా నాన్న పళ్ళ డాక్టరు.
మా ఇంటికి మొక్కజొన్న డబ్బాలోంచే వస్తుంది.
చెబుదామని నోరు తెరిచాను,
నవ్వు వచ్చింది.
పొద్దున అద్దం ముందు సాధన చేసిన నవ్వే,
బాగానే కుదిరింది.

బాత్రూమ్ అనుకుని తీసిన తలుపు లాండ్రీ గది.
ఆంబోతు మెడవాడు ఒకడు నేల మీద కూర్చున్నాడు,
డెక్లన్ అట.
ఒళ్ళో ఎవరో కుర్రాడి తల.
వాచీ చూస్తూ వాడి ఊపిరి లెక్కపెడుతున్నాడు.
"పక్కకి తిప్పి పడుకోబెట్టాలి," అన్నాడు నావైపు చూడకుండా,
"వెల్లకిలా కాదు.
రెండేళ్ళ కిందట ఒకణ్ణి వెల్లకిలా వదిలేశాం."
"ఏమయ్యాడు?"
డ్రయ్యర్లో ఏదో గుండీ
టకటకా కొట్టుకుంటోంది.
"తలుపెయ్యి. వెలుగు వాడి కళ్ళలో పడుతోంది."
వాడి జుట్టుమీద ఆ చెయ్యి
ఎంత మెల్లగా కదిలిందో చూశాను.
ఎవరు తాగించారని అడగలేదు.

శనివారమంతా పడుకున్నాను.
ఆదివారం అక్క ఫోన్ చేసింది.
"ఒంటరిగా ఉందా?"
"లేదే," అన్నాను,
మూడు వారాలుగా మెస్సులో
ఎదుటి కుర్చీలో నా బ్యాగుని కూర్చోబెట్టి
తింటున్నవాణ్ణి.
ఆ కుర్చీ ఖాళీయేనా అని
ఎవరైనా అడిగితే, అవునని చెప్పాల్సొస్తుందని.

రాత్రి పదకొండు.
కార్డు బల్లమీద, పెన్ను దాని మీద.
దీపం ఆర్పేశాక పైనుంచి క్వెంటిన్:
"నాకు రాలేదు కవరు."
చాలాసేపు మంచం కిర్రుమనలేదు.
వాడు చెప్పిన పడవలన్నీ
ఏ రేవులో కట్టి ఉన్నాయో
అప్పుడు తెలిసింది నాకు.

ఏమనాలో తోచలేదు.
దాని బదులు లేచి, చీకట్లో తడుముకుంటూ
కార్డు మీద నా పేరు దిద్దాను.
గడులు ముట్టుకోలేదు.
అడగాల్సిన మాట ఒకటుంది,
అక్కడ నేలమీద కూర్చున్నవాణ్ణే అడగాలి.
జవాబుని బట్టి కాదు,
అడిగాక నావైపు ఎలా చూస్తాడో
దాన్ని బట్టి.

పన్నెండుకి ఇరవై నిమిషాలుంది.
సాక్సులు తొడుక్కున్నాను.
ఒకటి నల్లది, ఒకటి నీలం,
వెతికే ఓపిక లేదు.
"ఎక్కడికిరా ఈవేళప్పుడు?"
"లాండ్రీకి," అన్నాను.