కత్తెర ముందు

బరంపురంలో గిరి మార్కెట్ వెనక నా మిషను.
ఇరవై రెండేళ్ళుగా జాకెట్లే.
ఎవరి నడుము ఎంత పెరిగిందో
వాళ్ళ మొగుళ్ళకన్నా ముందు నా టేపుకి తెలుసు.
నా నడుముకే ఆ టేపు చాలక
కొలవడం మానేశాను.

డాక్టర్ పాఢీ కాగితం మీద గీశాడు.
బుడగైతే కోత లేదు,
ఆర్నెల్లకి తీసేస్తాం,
తగ్గింది తిరిగొచ్చినా రావచ్చు.
స్లీవ్ అన్నాడు. నవ్వొచ్చింది.
నాకు తెలిసిన స్లీవ్ చేతికుంటుంది.
ఇది కడుపుకి:
ముప్పావు వంతు కోసి పారేసి
మిగిలింది పిన్నులతో బిగిస్తారట.
కుట్టు కారితే మళ్ళీ బల్ల మీదకే.
బైపాసంటే పేగుకి దారి మళ్ళింపు,
బతికున్నన్నాళ్ళూ మాత్రలు.

"ఏది మంచిదండీ?"
"మీ షుగర్‌ని బట్టి."

"భయమా మౌసీ?" అంది ఒడియా నర్సు.

భయం కాదమ్మా.
వేసిన కుట్టు ఎన్నిసార్లైనా విప్పుతాను.
కత్తెర పెట్టే ముందే
నా చెయ్యి కాసేపు గుడ్డ మీద ఆగుతుంది.
ఎంత బిగువు జాకెట్టుకైనా
పక్క కుట్లలో అంగుళం వదులుతాను,
ఒళ్ళు కదా, ఎప్పుడెలా ఉంటుందో అని.

"లోపల మీరెంత వదుల్తారు డాక్టరు గారూ?"

ఆయన కాగితం తిప్పి చూశాడు.
అటువైపు ఏమీ గీయలేదు.