చించినాడ దాకా

పాలకొల్లులో బయల్దేరినప్పుడు బాగానే ఉంటుందండీ.
గేర్లు వెన్నలో వేలు పెట్టినట్టు పడతాయి,
కాలవ వంతెన ఎత్తు కూడా మూడో గేరులోనే ఎక్కేస్తుంది.
చించినాడ వంతెన మొదట్లోకి రాగానే
ఒక దగ్గు, రెండు ఎక్కిళ్లు,
ఆనక చప్పుడుండదు.
పావుగంట ఆగి తాళం తిప్పితే
ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టు.

సువార్తమ్మ నర్సుగారి అంబాసడరు అది.
అరవయ్యారు మోడలు, మిషనాసుపత్రి వేలంలో పాడుకున్నారు.
ఇప్పటికీ వెనక సీటు ఎత్తితే డెట్టాలు వాసన.

వంతెన దగ్గర ముంజెలమ్మేవాళ్లు ఎప్పుడో తేల్చేశారు:
"అలవాటండీ దానికి.
వంతెన లేనప్పుడు ఇక్కడే కదా
పంటు కోసం గంటలు గంటలు ఆగేది.
పాత బండి, రేవు మరిచిపోలేదు."
నవ్వాను.
నవ్వాను గానీ
ఆ రాత్రి షెడ్డులో ఎవరూ లేనప్పుడు
బోనెట్టు మీద చెయ్యేసి, నిజమేనా అని అడిగాను కూడా.

ప్లగ్గులు విప్పితే నాలుగూ
సున్నం కొట్టిన గోడల్లా తెల్లగా ఉన్నాయి.
తిండి చాలట్లేదని అవి అప్పుడే చెప్పాయి.
నేను వినలేదు.
వేడెక్కితే చచ్చే జబ్బు కండెన్సరుదే అన్నాను, మార్చాను.
పాయింట్లు గీకాను.
కాయిలుకి తడిగుడ్డ చుట్టి, చంటిపిల్లాడి జ్వరంలా
మైలుకోసారి తాకి చూస్తూ తోలాను.
పంపులో డయాఫ్రం కొత్తది.
కార్బురేటరు జెట్టు విప్పి కంటికి ఆనించుకుంటే
అవతల ఆకాశం, గుండ్రంగా, మచ్చ లేకుండా.
మళ్లీ చించినాడే.

నర్సుగారు ఒక్క మాటనలేదు.
నోటుపుస్తకం తెచ్చి బెంచీ మీద పెట్టారు.
గీతలు గీసి, గడులు కట్టి,
వార్డులో మంచానికి తగిలించే చీటీలా:
తేదీ, టైము, ఎండా వానా,
ట్యాంకులో ఎంత, ఆగిందెక్కడ, కారణం.
కారణం గడి కిందిదాకా ఖాళీ.

నిండా పోయించిన రోజు చించినాడ.
సగం ఉన్న రోజు రాజోలు దాటి తాటిపాక.
అడుగంటిన రోజు ఎక్కడా ఆగలేదు.
"మా డాక్టరుగారు ముందు ఇదే అడిగేవారు మదీనా,
తిన్నాకనా, తినకముందా అని."

మర్నాడు నిండా కొట్టించి బయల్దేరాం.
వంతెన మొదట్లో దగ్గింది.
ఈసారి బోనెట్టు ముట్టుకోలేదు.
వెనక్కి నడిచి ట్యాంకు మూత తిప్పాను.

లోపలికి పీల్చుకుందండీ!
గోదాట్లో మునిగి తేలిన మనిషి
మొదటి గుక్క పీల్చినట్టు,
స్‌స్‌స్‌ మని, ఆగకుండా.
రోడ్డు మీదే నిలబడిపోయాను.

మూత బోర్లించి చూస్తే
గాలాడాల్సిన బెజ్జం మీద ఎంసీలు ముద్ద.
ముద్ద మీద బొటనవేలి గీతలు.
నా వేలు ఆనించాను.
సరిపోయింది.

పోయినేడు వరదకి పెట్రోల్లో నీళ్లు కలిశాయని
మూసింది నేనే.
"ఇంక గోదారంతా ఎత్తిపోసినా చుక్క దిగదండి ఆయ్!"
అని డబ్బులు కూడా పుచ్చుకున్నాను.
నీళ్లు పోకుండా మూస్తే
గాలి కూడా పోదన్న సంగతి
ముప్పయ్యేళ్ల మేస్త్రీకి తోచలేదు.

"ఏఁవిటి మదీనా?"
ఏదో నలక పడిందండి అనొచ్చు.
నోటి చివరిదాకా వచ్చింది.
మూత ఆవిడ చేతిలో పెట్టి, వేలు చూపించాను.
ఆవిడ గొలుసుకున్న పిన్నీసు తీసిచ్చారు.
స్క్రూడ్రైవరుతో పెచ్చు లేపి, పిన్నీసుతో బెజ్జం తెరిచాను.
ఈలోగా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని
కారణం గడిలో ఏదో రాసుకున్నారు.
నేను అటు చూడలేదు.

వంతెన దాటి దిండి వైపు దిగాం, మళ్లీ వచ్చాం.
కింద పాత రేవు నీళ్లలోకి దిగి
అక్కడే అయిపోయింది.

ముంజెలవాళ్లు అడిగారు, ఎలా కుదిర్చావని.
"పంటు ఎత్తేశారని నచ్చజెప్పానండీ" అన్నాను.