అర అంగుళం

వాన వెనక్కి పోయినంక
గోడ మీద మడ్డిగీత మిగిలింది,
కుట్టుమిషను పెడలుకు జానెడు పైన.
సరూర్‌నగర్ చెరువు కింద మా గల్లీ.
నఫీసా మెట్టు ఎత్తు లేపిందని, అందుకే నా ఇల్లు మునిగిందని
రెండు వానకాలాలు ఆమెతో మాట్లాడలె.

దస్తగిరి మేస్త్రీ నవ్విండు.
"కన్నుతో కొలిస్తే
ఎవరిల్లు వాళ్లకు గుంతలనే కనిపిస్తదక్కా."

కూలర్ల దుకాణంల ఇరవై గజాల సన్న పైపు కొన్నం.
బకెట్ల రెండు చుక్కల నీలిమందు.
నోటితో పీల్చి నీళ్లెక్కించి, నీలి పెదవి తుడుచుకుని
పైపు పొడుగూతా గోటితో కొట్టుకుంట నడిచిండు.
"బుడగ ఒక్కటున్నా లెక్క తప్పుతది."
ఒకటి దొరికింది, మెలిక కాడ,
పైకి పోనని మొండికేసి కూసుంది.
దాన్ని చూస్తే నాకెందుకో సిగ్గనిపించింది.

రెండో కొసకు మనిషి కావాలె.
ఆదివారం పొద్దు, గల్లీల మగోళ్లంత నిద్రల.
చున్నీ నడుముకు చుట్టుకుని నఫీసానే వచ్చింది,
మాట లేకుండ కొస అందుకుంది.

బొటనవేళ్లు ఇద్దరూ ఒక్కసారే తీయాలె,
లేకుంటే ఎవరో ఒకరి కాళ్ల మీద పోతయి నీళ్లు.
మలుపుకు అవతల ఆమె.
"తీస్తున్నా" అన్న.
"తియ్" అంది.

నీలిగీత ఎక్కింది, దిగింది, మళ్లెక్కింది.
"నిలిచిందా?"
"జర ఆగు, ఇంకా ఊపిరి తీస్తుంది."
"ఇప్పుడు?"
"హా."

మెడల టేపు తీసి గీత నుంచి మెట్టు దాకా వదిలిన.
నాది నలభై నాలుగు.
ఆమెది నలభై మూడున్నర.
మళ్లీ కొలిచినం. నలభై మూడున్నర.

అర అంగుళం.
రేపు లావైతే విప్పుకోనీకి
జాకెట్టు చంకల దాచే బట్టే
అంతకన్న ఎక్కువుంటది.

పైపు మోరీ మూత కాడికి పోయింది.
నా కొసను మళ్ల నలభై నాలుగుకు సర్దుకున్న.
అక్కడ నుంచి దస్తగిరి కేక: "ముప్పై రెండు!"
రోడ్డు మీద రోడ్డు, దాని మీద ఇంకో రోడ్డు,
ఓట్లొచ్చినప్పుడల్ల ఒక పొర.
నీళ్లు దిగాల్సిన మూత
నా మెట్టు కన్న అడుగు ఎత్తున ఎండకు కూసుంది.

కుట్టు సుద్దతో గోడకు అంకెలేసినం,
నేను తెలుగుల, ఆమె ఉర్దూల.
అర్జీ రాయాలె. మిషను బల్ల మీదికెత్తాలె.
పైపు ఖాళీ చేయబోతే నఫీసా ఆపింది:
"పారబొయ్యకు, పిల్లల తెల్లంగీలున్నయి."

బకెట్ ఎత్తుకుపోతుంటే కొన్ని ఒలికినయి.
మోరీ దిక్కు పోలె.
నీలంగ, నిమ్మళంగ
నా మెట్టు దిక్కే వచ్చినయి.
ఇద్దరం నిలబడి చూసినం.