రెండు గట్ల బొమ్మ

పంటు మీద టిక్కెట్లు చింపుతూ ముప్ఫై ఏళ్ళు.
ఇటు నర్సాపురం, అటు సఖినేటిపల్లి,
నడుమ వశిష్ఠ.
కొబ్బరి దింపుల కూలీ గురించీ
రొయ్యల మేత అప్పుల గురించీ మాట్లాడుకునే జనం
ఏటి మధ్యకొచ్చేసరికి
ఒక్కోనాడు ఇప్పటికీ ఆ తగువే ఎత్తుతారు:
"కుడిచేతిలోనేనండి కొడవలి."
"ఆయ్, ఎడంచెయ్యండి. మా నాన్న కళ్ళారా చూశాడు."

నేలపూడి ఏసురత్నం తీసిన బొమ్మ అది.
పేరు 'మెరక'.
లంక భూముల వేలంలో
పాట పాడేవాడొకడు, పలుగు పట్టేవాడొకడు,
అదీ కథ.
నటులు లేరు. మా అమ్మ ఉంది,
నాగుల్లంక కూలీలున్నారు,
వరద దానంతటది వచ్చి వేషం కట్టింది.

ఎమర్జెన్సీ రోజులు.
తూర్పు జిల్లాలో ఆడకూడదని ఒక కాగితం,
పడమటి జిల్లాలో ఆడకూడదని ఇంకో కాగితం.
రెండూ మడిచి జేబులో పెట్టుకుని
ఏటి నడిమికి నావ తోలించాడు.
"ఇక్కడ ఏ జిల్లానో
నీళ్ళని అడిగి చెప్పమనండి."

పోటు ఆగి, పాటు ఇంకా తీయని వేళ
తెరచాపే తెర.
పక్క పడవలో జనరేటరు దగ్గుతోంది.
ఇటు పడవల్లో వాళ్ళకి బొమ్మ సూటిగా,
అటు పడవల్లో వాళ్ళకి బట్టలోంచి తిరగేసి.
అక్షరాలు వాళ్ళకి వెనక్కి నడిచాయట.
చదువురానోళ్ళు ఎవరూ గమనించలేదు.
నాకప్పుడు ఏడేళ్ళు. గుర్తున్నది గాలి ఒక్కటే:
చాప ఉబ్బినప్పుడల్లా
మా అమ్మ మొహం పెద్దదయ్యేది.

మూడో రీలు తిరుగుతుండగా పోలీసు లాంచీ వచ్చింది.
డబ్బాలు ఏట్లోకి.
ఆయన రాజమండ్రి జైలుకి.

బయటికొచ్చాక
మద్రాసు ఆయనకి గజం ఫిల్ము ఇవ్వలేదు.
పల్లిపాలెంలో పడవలకి పేర్లు రాసి బతికాడు,
అక్షరానికి అర్ధరూపాయి.
ఒత్తులకి వేరే డబ్బులు అడిగేవాడు కాదు.
తొంభై ఆరు తుపానుకి
ఆ పడవలు కొన్ని కొబ్బరితోటల్లో తేలాయి,
పేర్లు చెక్కుచెదరకుండా.
ఆయన అప్పటికే లేడు.

మొన్నొక కుర్రాడు హైదరాబాదు నుంచి వచ్చాడు,
ప్రింటు ఎక్కడైనా మిగిలిందా అని.
టిక్కెట్టు తీసుకుని పంటెక్కమన్నాను.
మూడుసార్లు అటూ ఇటూ తిరిగాడు.
ముసలోళ్ళు తలో ముక్కా చెప్పారు.
ఆడనే ఆడని నాలుగో రీలు కూడా
ఒకాయన పూసగుచ్చినట్టు చెప్పాడు.

ఆఖరికి వాణ్ణి మా ఇంటికి తీసుకెళ్ళాను.
అమ్మ చేపలు తోముతోంది.
"కుడిచెయ్యాండి, ఎడంచెయ్యాండి?"
అమ్మ చేతులు కడుక్కుని
రెండూ తిప్పి చూసుకుంది.
"కొడవలెక్కడిది బాబూ.
మునసబు మనుషులు ముందే లాక్కుపోయారు.
వట్టి చెయ్యే ఎత్తమన్నారు ఏసురత్నంగారు.
కొడవలి మీరు పెట్టుకున్నారు."

కుర్రాడు రాసుకున్నాడు.
నేను మాత్రం పంటు మీద
ఇంకా ఎవరికీ చెప్పలేదు.